చెప్పి చేయించుకునే గిటార్‌కు ఏ కర్ర మంచిది?

చెప్పి చేయించుకునే గిటార్ల కర్ర గురించి రాయలసీమ పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఐదింటికి ఈ సంచికలో సమాధానం ఇస్తున్నాను. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు పట్టింది. అందులో అడిగిన విషయం తేలితే మిగిలిన నాలుగింటికీ దారి సులువవుతుంది.

ప్రశ్న: అయ్యా, నేను జూనియర్ కళాశాలలో అధ్యాపకుణ్ణి. పన్నెండేళ్లుగా గిటార్ వాయిస్తున్నాను. ఎక్కువగా వేళ్లతోనే మీటుతాను, మా అమ్మాయి పాడుతుంటే పక్కన కూర్చుని వాయిస్తాను. బెంగళూరులో చేతితో గిటార్లు చేసే ఒకరికి ఆర్డరు ఇవ్వబోతున్నాను. పైపలకకు సిట్కా స్ప్రూస్ కావాలా, సీడార్ కావాలా అని, వెనుక పలకకు, పక్కలకు రోజ్‌వుడ్ పెట్టాలా, మహాగని పెట్టాలా అని ఆయన అడుగుతున్నారు. రోజ్‌వుడ్ అయితే ధర బాగా పెరుగుతుందట. పెరిగిన డబ్బుకు తగిన నాదం వస్తుందా? మా ఊరి ఎండకు ఏది నిలుస్తుంది?
– ఒక పాఠకుడు, అనంతపురం

సమాధానం: మీ డబ్బును పైపలక మీద పెట్టండి, వెనుక పలక పేరు మీద పెట్టకండి. మీరు చెప్పిన వాయింపుకూ, మీరు ఉంటున్న ఊరికీ సీడార్ పైపలక, మహాగని వెనుక పలక సరిపోతాయని నా అభిప్రాయం. ఇంత సూటిగా ఎందుకు చెబుతున్నానో వివరిస్తాను.

తీగ ఒక్కటే పలికితే ఆ శబ్దం గదిలో అవతలి గోడ దాకా కూడా వినిపించదు. తీగ కదలిక శాడిల్ (తీగలు ఆనే సన్నని పట్టీ) మీదుగా బ్రిడ్జికి (పైపలకకు అంటించి తీగలు కట్టే చెక్క), బ్రిడ్జి నుంచి పైపలకకు చేరి, ఆ పలక గాలిని కదిలించినప్పుడే మన చెవికి నాదం అందుతుంది. స్టీలు తీగలు ఆరూ కలిసి ఆ పలకను ఎప్పుడూ సుమారు 70 కిలోల బలంతో లాగుతూ ఉంటాయి. మూడు మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉండే ఆ పలుచని చెక్క అంత లాగుడుకు లొంగిపోకూడదు, వేలి కొసతో మెల్లగా మీటినా కదలకుండా ఉండకూడదు. బరువు తక్కువగా, బిగువు ఎక్కువగా ఉన్న కర్రే ఈ రెండు పనులూ చేయగలదు. స్ప్రూస్, సీడార్ వంటి చలిదేశపు చెట్ల కర్ర ఘనమీటరుకు 350 నుంచి 450 కిలోల వరకే తూగుతూ, పోగుల దిశలో ఎంతో గట్టిగా నిలబడుతుంది. మన టేకు 650 కిలోల చుట్టుపక్కల ఉంటుంది, రోజ్‌వుడ్ 800 దాటుతుంది. సముద్రాలు దాటించి అయినా పైపలకకు ఆ చెట్ల కర్రనే తెప్పించుకోవడానికి కారణం ఇదే. ఇక్కడ ఒక మాట. గిటార్ వాళ్లు సీడార్ అనేది ఉత్తర అమెరికా పడమటి తీరపు చెట్టును. దానికీ, మన దగ్గర పెట్టెలు కొట్టడానికి వాడే దేవదారు చెక్కకూ సంబంధం లేదు. పేరు విని ఎవరైనా దేవదారు పలక తెచ్చి చూపిస్తే ఒప్పుకోకండి.

వెనుక పలక సంగతికి వద్దాం. నేటి గిటార్‌కు రూపం దిద్దిన స్పెయిన్ పనివాడు అంతోనియో దె తోర్రెస్ 1862లో ఒక గిటార్ చేశారు. దాని వెనుక భాగాన్నీ, పక్కలనూ ఆయన కాగితపు అట్టతో చేశారు. పైపలక మాత్రం మంచి స్ప్రూస్. నాదం పుట్టేది పైపలకలోనేనని చూపించడానికి అలా చేశారని చెబుతారు. ఆ గిటార్ ఇప్పటికీ బార్సిలోనాలోని సంగీత వస్తు ప్రదర్శనశాలలో ఉంది. మన కాలంలో ఇంగ్లండులోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇదే ప్రశ్నను మరో విధంగా పరీక్షించి 2018లో ఫలితాలు ప్రచురించారు. ఒకే పనివారి చేత, ఒకే నమూనాలో ఆరు గిటార్లు చేయించి, వెనుక పలక, పక్కల కర్రను మాత్రం మార్చారు. బ్రెజిల్ రోజ్‌వుడ్, ఇండియన్ రోజ్‌వుడ్, మహాగని, మేపుల్, సపెలె, వాల్‌నట్ అనే ఆరు రకాలు వాడారు. ఏ గిటార్ వాయిస్తున్నారో కంటికి కనబడకుండా చేసి 52 మంది వాదకుల చేత వాయింపజేస్తే, నాదానికి వారు ఇచ్చిన మార్కులు ఆరింటికీ దాదాపు సమానంగా వచ్చాయి. ఆరింటిలోకీ ఎంతో ఖరీదైన బ్రెజిల్ రోజ్‌వుడ్‌కు ప్రత్యేకంగా ఏ ఆధిక్యమూ కనబడలేదు.

దీన్నిబట్టి వెనుక పలకతో పనే లేదని నేను అనడం లేదు. మార్టిన్ కంపెనీ వారి డి-18, డి-28 నమూనాలు ఒకే ఆకారంలో ఉంటాయి. మొదటిది మహాగని, రెండోది రోజ్‌వుడ్. రెండూ పక్కపక్కన ఒళ్లో పెట్టుకుని వాయించినవారు, రోజ్‌వుడ్‌లో మంద్రస్వరాలు నిండుగా మోగి చాలాసేపు నిలుస్తాయనీ, మహాగనిలో ప్రతి స్వరమూ విడిగా, పొడిగా, స్పష్టంగా పలుకుతుందనీ చెబుతారు. నా చెవికి కూడా అలాగే అనిపిస్తుంది. అయితే పైపలక బాగా కుదిరితేనే ఈ తేడా బయటపడుతుంది. పైపలక మొద్దుగా ఉంటే ఏ రోజ్‌వుడ్డూ దాన్ని కాపాడలేదు. పైగా మీరు మీ అమ్మాయి గొంతు పక్కన వాయిస్తానంటున్నారు. గొంతుకు చోటు వదిలే గిటార్ మీకు కావాలి. ఆ పనిలో మహాగని మీకు తక్కువ కర్ర కాదు, సరైన కర్ర.

రోజ్‌వుడ్ మీద మనసు పడితే తీసుకోండి, తప్పు లేదు. అది మన చెట్టే. మన పెద్దలు ఇరుగుడు అనీ, జిట్రేగి అనీ పిలిచిన ఆ చెట్టు కర్ర పడమటి కనుమల నుంచి ప్రపంచమంతటికీ వెళ్లింది. బ్రెజిల్ రోజ్‌వుడ్ దొరకడం కష్టమయ్యాక 1969లో మార్టిన్ వారు కూడా దీనికే మారారు. అయితే ఇండియన్ రోజ్‌వుడ్ పేరుతో ఉత్తరాది శీషం కర్రను అంటగట్టే వ్యాపారులు ఉన్నారు. శీషం కూడా అదే కుటుంబపు మంచి కర్రే కానీ, దానికి రోజ్‌వుడ్ ధర ఇవ్వనక్కరలేదు. బిల్లు మీద డాల్బర్జియా లాటిఫోలియా అని చెట్టు శాస్త్రీయ నామం రాయించుకుంటే గొడవ ఉండదు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన మాట చివరిది, ఊరి ఎండ. అనంతపురంలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. మార్చి నుంచి మే వరకు మధ్యాహ్నాలు గాలిలో తేమ ఎంతగా పడిపోతుందో మీ పెదవులకే తెలుసు. కర్ర గాలిలోని తేమను బట్టి ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. పోగుల పొడవునా కాదు, అడ్డంగా. పెద్ద గిటార్ పైపలక అడుగు భాగంలో సుమారు 40 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. గాలిలో తేమ 50 శాతం నుంచి 25 శాతానికి పడిపోయి కొన్ని వారాలు అక్కడే ఉంటే, సిట్కా స్ప్రూస్ పలక ఆ వెడల్పులో రెండు మిల్లీమీటర్లకు పైగా ముడుచుకోవాలని చూస్తుంది. సీడార్ అయితే అందులో సగానికి కాస్త ఎక్కువ, అంతే. లోపల అడ్డంగా అంటించిన బద్దలు పలకను ముడుచుకోనివ్వవు కాబట్టి అది చివరకు నెర్రె విచ్చుతుంది. ఆదోని నల్లరేగడి చేలు ఏప్రిల్‌లో నెర్రెలు ఇచ్చినట్టే ఇదీను. మీకు సీడార్ చెప్పడానికి మొదటి కారణం ఇది. మహాగని కూడా తేమ మార్పులకు అతి తక్కువగా కదిలే కర్రల్లో ఒకటి. రెండో కారణం మీ వాయింపు. సీడార్ తేలిక కాబట్టి మెత్తని వేలికి వెంటనే పలుకుతుంది. ప్లెక్ట్రమ్‌తో (వేళ్ల మధ్య పట్టుకుని తీగలు మీటే బిళ్లతో) గట్టిగా బాదేవారికైతే నేను స్ప్రూస్ చెప్పేవాణ్ణి. బలంగా కొట్టినప్పుడు సీడార్ స్వరం చెదురుతుంది, స్ప్రూస్ నిలబడుతుంది. సీడార్‌కు ఒక లోపం ఉంది. అది మెత్తని చెక్క. గోరు తగిలినా గుంట పడుతుంది, చొక్కా గుండీ ఒరిసినా గీత పడుతుంది. జాగ్రత్తగా పట్టుకోవాలి.

కర్ర పేరు కన్నా ముఖ్యమైన ఒక ప్రశ్నను మీరు ఆ పనివారిని అడగండి. పైపలకకు బద్దలు అంటించే రోజున ఆయన గదిలో తేమ ఎంత శాతం ఉంటుంది? బెంగళూరులో జులై, ఆగస్టు నెలల ముసురులో, తేమ 70 శాతం ఉన్న గదిలో ఉబ్బి ఉన్న పలకకు బద్దలు అంటిస్తే, ఆ గిటార్ అనంతపురం చేరిన మొదటి వేసవిలోనే దెబ్బతింటుంది. గది తేమను 40–45 శాతం దగ్గర నిలిపి, పలకలను అందులో కొన్ని వారాలు ఉంచి, తర్వాత అంటించేవారికే ఆర్డరు ఇవ్వండి. పొడిగా ఉన్నప్పుడు అంటించిన పలక వానాకాలంలో కొద్దిగా పైకి ఉబ్బుతుంది, తీగలు కాస్త ఎత్తవుతాయి, మళ్లీ సర్దుకుంటుంది. తడిగా ఉన్నప్పుడు అంటించిన పలకకు అలా సర్దుకునే వీలు లేదు.

వీలైతే ఒకసారి బెంగళూరు వెళ్లి పలకను మీరే ఎంచుకోండి. నా బల్ల మీద ఒకసారి ఒకే పెట్టెలో వచ్చిన రెండు సిట్కా పలకలు ఉన్నాయి. ఒకే పొడవు, ఒకే వెడల్పు, ఒకే మందం. త్రాసులో పెడితే ఒకటి 170 గ్రాములు, మరొకటి 205 గ్రాములు తూగాయి. తేలికదాన్ని పైఅంచు నుంచి పొడవులో నాలుగో వంతు దిగువన రెండు వేళ్ల మధ్య వదులుగా పట్టుకుని, చెవి పక్కన వేలాడదీసి, బొటనవేలి కణుపుతో మధ్యలో తట్టాను. గుడిగంట మీద చెయ్యి తీసినట్టు మోగి, నెమ్మదిగా ఆగింది. బరువుదాన్ని అలాగే తడితే పీట మీద కొట్టినట్టు టక్కుమని ఆగిపోయింది. పేరు ఒకటే, ధర కూడా ఒకటే. బరువుగా ఉన్న ప్రతి పలకా ఇలాగే ఉంటుందని కాదు, అందుకే తట్టి చూడాలి అంటున్నాను. తర్వాత పలక కొసను చూడండి. ఏటి వలయాల గీతలు పలక ముఖానికి నిట్టనిలువుగా ఉండాలి. అంటే దుంగను నడిమధ్య నుంచి బెరడు వైపు కోసిన పలక అన్నమాట. అడ్డంగా పడుకున్న గీతలున్న పలక తేమకు దాదాపు రెట్టింపు కదులుతుంది. ముఖం మీద, గీతలకు అడ్డంగా, పట్టు చీరకు వెలుగు తగిలినట్టు సన్నని మెరుపులు కనబడితే కోత సరిగ్గా ఉందని నమ్మవచ్చు. గీతలు ఎంత దగ్గరగా ఉన్నాయని లెక్కపెట్టి ధర పెంచేవారి మాటకు అంత విలువ ఇవ్వనక్కరలేదు. అది కంటికి అందమే తప్ప చెవికి హామీ కాదు.

ప్రశ్న: మా తాతగారి కాలపు ఎర్రచందనం మంచం కోళ్లు నాలుగు మా అటక మీద ఉన్నాయి. జపాను వాళ్లు వాద్యాల కోసమే ఎర్రచందనం కొంటారని విన్నాను. మా కోళ్లను కోయించి గిటార్ వెనుక పలక, పక్కలు చేయించుకోవాలని ఉంది. చేయించవచ్చా?
– బద్వేలు, కడప జిల్లా

సమాధానం: మీ తాతగారి వస్తువు మీద మీకున్న మమకారం నాకు అర్థమైంది. అయినా రంపం పెట్టించే ముందు ఆగండి. ఎర్రచందనం మన శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండ, నల్లమల వంటి కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని చెట్టు. దాన్ని నరకడానికి, నిల్వ ఉంచడానికి, ఒక చోటి నుంచి మరో చోటికి తీసుకెళ్లడానికి అటవీ శాఖ అనుమతులు కావాలి. అంతర్జాతీయ వ్యాపారంలో కూడా 1995 నుంచి ఆ చెట్టు, అంతరించే ప్రమాదమున్న చెట్లు, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందపు రెండో అనుబంధంలో ఉంది. మీ కోళ్లు ఎంత పాతవైనా, కోసిన ముక్కలుగా మారి మరో ఊరి పనివాడి దగ్గరకు బస్సులో వెళ్తుంటే, దారిలో తనిఖీ చేసే అధికారికి అవి తాతగారి మంచం కోళ్లని తెలిసే వీలు లేదు. కాబట్టి వాటిని ఉన్నవి ఉన్నట్టు ఫోటోలు తీసి, వివరం రాసి, మీ రేంజి అటవీ అధికారికి ఇచ్చి, రాతపూర్వకమైన అనుమతి వచ్చాకే ముందుకు వెళ్లండి. అనుమతి రాకపోతే కోళ్లను కోళ్లుగానే ఉంచండి.

అనుమతి వచ్చిందనుకుందాం. అప్పుడు కొలత అడ్డం వస్తుంది. గిటార్ వెనుక పలక రెండు సగాలుగా చేస్తారు, ఒక్కో సగానికి దాదాపు 20 సెంటీమీటర్ల వెడల్పు కావాలి. పక్కలకు సుమారు 80 సెంటీమీటర్ల పొడవు, 12 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పట్టీలు రెండు కావాలి. మంచం కోడు ఎంత లావుగా ఉన్నా ఆ పలకలు అందులోంచి రావు. బరువు కూడా ఒక విషయమే. ఎర్రచందనం చేవ నీళ్లలో మునిగిపోతుంది. అదే మందంలో వెనుక పలక, పక్కలు చేస్తే రోజ్‌వుడ్ గిటార్ కన్నా దాదాపు 200 గ్రాములు ఎక్కువ తూగుతుంది. జపానులో షామిసెన్ అనే మూడు తీగల వాద్యానికి ఈ కర్రను ఎంతో విలువైనదిగా ఎంచుతారన్న మాట నిజమే కానీ, అక్కడ దాన్ని వాడేది వాద్యం మెడకు. బరువు, గట్టిదనం మెడకు మేలు చేస్తాయి. నాదం పుట్టే పలకకు మేలు చేయవు. ఇదే కారణంతో బ్రిడ్జికి కూడా దాన్ని వాడవద్దంటాను. బ్రిడ్జి బరువెక్కితే పైపలక కదలిక మందగిస్తుంది.

మీ కోరిక తీరే దారి ఒకటి ఉంది. గిటార్ తల మీద, తీగలు బిగించే మరల దగ్గర, రెండు మిల్లీమీటర్ల పలుచని అలంకార పలక ఒకటి అంటిస్తారు. చిన్న ముక్కే. ఒక్క కోడులోంచి పక్కపక్కన అతికే రెండు రేకులు తీస్తే చాలు. వాయించేటప్పుడు ఎదురుగా కూర్చున్నవారి కంటికి కనబడేది కూడా అదే. మిగిలిన మూడు కోళ్లకూ రంపం తగలనక్కరలేదు. ఎర్రని వెనుక పలకే కావాలంటే ఆఫ్రికా పడాక్ అడగండి. ఎర్రచందనానికి, మన వేగిసకు అది దగ్గరి బంధువు, అన్నీ టెరోకార్పస్ జాతివే. బరువులో అది రోజ్‌వుడ్ కన్నా కాస్త తక్కువే ఉంటుంది, గిటార్లకు చాలాకాలంగా వాడుతున్నారు. కొత్తలో నిప్పుకణికలా ఉండే ఆ రంగు వెలుతురుకు ఏళ్ల తరబడి ముదురు గోధుమ రంగుకు తిరుగుతుందని మాత్రం ముందే తెలుసుకోండి.

ప్రశ్న: నల్లని ఎబొనీ కర్రతో చేసిన ఫింగర్‌బోర్డులో (మెడ మీద వేళ్లు నొక్కే పలకలో) గోధుమరంగు చారలు ఉన్నాయి. పనివారు నాసిరకం అంటగడుతున్నారా?
– ప్రొద్దుటూరు

సమాధానం: లేదు. చారలకూ గట్టిదనానికీ సంబంధం లేదు. అంతా నల్లగా ఉన్న కర్రనే అందరూ అడగడం వల్ల చారల చెట్లను కొట్టి అడవిలోనే వదిలేసిన రోజులు ఉన్నాయి, అది అన్యాయం. మన బీడీ ఆకు తునికి చెట్టు కూడా ఎబొనీ జాతిదే, దాని చేవ కూడా నల్లగా చారలతో ఉంటుంది. మీరు చూడవలసింది రంగు కాదు, ఆరిన తీరు. ఎబొనీ చాలా నెమ్మదిగా ఆరుతుంది, సరిగా ఆరనిది తర్వాత ముడుచుకుని చీలుతుంది. పలక రెండు కొసల్లో వెంట్రుకవాసి చీలికలు ఉన్నాయేమో భూతద్దంతో చూడండి.

ప్రశ్న: నిరుడు ఆగస్టులో పూర్తి అసలు చెక్కతో చేసిన గిటార్ కొన్నాను. ఈ ఏప్రిల్‌లో బ్రిడ్జి కింద నుంచి అడుగు వరకు పైపలక మీద నెర్రె వచ్చింది, మెడ పక్కన ఫ్రెట్ల (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీల) కొసలు వేలికి గుచ్చుకుంటున్నాయి. చెయ్యి తిరిగిన వడ్రంగి చేత లప్పం పెట్టించమంటారా? ఈసారి చెప్పి చేయించుకునేటప్పుడు ప్లైవుడ్‌తో చేయమనడం మేలా?
– ఆదోని

సమాధానం: లప్పం పెట్టించకండి. ఫ్రెట్ల కొసలు బయటికి రావడమంటే ఫ్రెట్లు పెరిగాయని కాదు, వాటి కింది ఫింగర్‌బోర్డు ముడుచుకుందని. నెర్రె కూడా అందుకే వచ్చింది. మీ గిటార్‌కు ముందు కావలసింది తేమ, తర్వాతే జిగురు. నేను ఈ పని నేర్చుకుంటున్న రోజుల్లో ఇలాంటి నెర్రెనే మే నెలలో చెక్కపొడి, జిగురు కలిపి నింపాను. జులైలో వానలు పడ్డాక పలక ఉబ్బి, నేను నింపిన ముద్దకు చోటు చాలక, నెర్రె పక్కనే మరో చోట విచ్చింది. గిటార్ సొంతదారు నన్ను ఒక్క మాట అనలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది. అప్పటి నుంచి నెర్రె విచ్చిన గిటార్‌ను మూతపెట్టిన పెట్టెలో తేమ ఇచ్చే స్పాంజితో రెండు మూడు వారాలు ఉంచిన తర్వాతే ముట్టుకుంటున్నాను. చాలా నెర్రెలు వాటంతట అవే దగ్గరకు వస్తాయి. అప్పుడు సన్నగా జిగురు పట్టించి, లోపలివైపు స్ప్రూస్ బిళ్లలు పోగుకు అడ్డంగా అంటిస్తే పలక గట్టిగా నిలుస్తుంది.

ఇంట్లో ఒక తేమ మీటరు పెట్టుకోండి. అది సరిగ్గా చూపిస్తోందో లేదో మీ వంటింట్లోనే పరీక్షించవచ్చు. సీసామూతలో ఉప్పు పోసి, ముద్దయ్యేలా కొద్దిగా నీళ్లు కలిపి, దాన్నీ మీటరునూ ఒకే డబ్బాలో పెట్టి గట్టిగా మూత బిగించి రాత్రంతా ఉంచండి. తెల్లవారి 75 శాతం చూపించాలి. 70 చూపిస్తే మీ మీటరు అయిదు తక్కువ చూపిస్తోందని లెక్క. గిటార్ ఉండే పెట్టెలో 45 నుంచి 50 శాతం ఉంటే మంచిది, 35కు దిగువకు పోనివ్వకండి. నీళ్ల కూలర్ ఉన్న గదిలో తేమ పెరుగుతుంది, ఏసీ గదిలో తగ్గుతుంది. కాబట్టి వేసవిలో గిటార్‌ను ఏసీ గదిలో గోడకు వేలాడదీయడం అన్నిటికన్నా చెడ్డ పని, తలుపులు మూసిన కారులో వదిలేయడం ఒక్కటే దానికన్నా చెడ్డది.

ప్లైవుడ్ గురించి మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. పొరల పోగులు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి కాబట్టి ఆ పలక సులువుగా నెర్రె విచ్చదు. అయితే పైపలకకు దాన్ని వాడితే నాదం చప్పబడుతుంది. పైపలక అసలు చెక్కతోనూ, పక్కలు రెండు పొరలు కలిపి అంటించి వంచినవిగానూ చేయించుకోండి. చెయ్యి తిరిగిన పనివారు సైతం పక్కలను అలా చేస్తారు, అది పొదుపు కోసం చేసే పని కాదు. పక్కలు గట్టిబడితే పైపలకకు పట్టు దొరుకుతుంది. వెనుక పలక విషయంలో మీకు ఊరు ఊరు తిరిగే కచేరీలు ఉంటే ప్లైవుడ్, ఇంటి వాయింపైతే అసలు చెక్క అని నా సలహా.

ప్రశ్న: మా పాత మిద్దె పడగొట్టించాము. టేకు దూలాలు, దంతెలు చాలా ఉన్నాయి. మా నాన్నగారు వడ్రంగి. వీటితో గిటార్ అవుతుందా? బొబ్బిలి వీణ పనసతో చేస్తారు కదా, మరి గిటార్‌కు పనస ఎందుకు వాడరు?
– తాడిపత్రి

సమాధానం: పనస సంగతి ముందు చెబుతాను. వీణ కుండను దుంగలోంచి తొలిచి తీస్తారు, అక్కడ పనస ఎంతో బాగా పలుకుతుంది. గిటార్ పక్కలు అలా తొలిచినవి కావు. రెండు మిల్లీమీటర్ల పట్టీని తడిపి, కాలిన ఇనుప గొట్టానికి ఆనించి నడుము దగ్గర లోపలికీ, పొట్ట దగ్గర బయటికీ వంచినవి. చాలా పనస దుంగల్లో పోగులు ఒకదానితో ఒకటి అల్లుకుని ఉంటాయి. అంత పలుచన చేసి వంచితే మలుపులో చిట్లుతాయి. చేయలేమని కాదు, పోగు నేరుగా సాగిన దుంగ దొరకాలి. వెనుక పలక వరకైతే పనస పెట్టి చూడదగిన కర్రే.

మీ టేకు అంతకన్నా మంచి అదృష్టం. 1995లో అమెరికాలోని టేలర్ కంపెనీ సరుకులు మోసే ప్యాలెట్ నుంచి విడదీసిన ఓక్ చెక్కతో వెనుక పలక, పక్కలు చేసి గిటార్ చూపించింది. దాని ముందు మీ దూలాలు రాజాకర్ర. పైకప్పు కింద ఎన్ని వేసవులు కాగిందో అన్ని వేసవులు ఆరిన కర్ర అది. దాన్ని వెనుక పలకకు, పక్కలకు, మెడకు వాడండి. పైపలకకు మాత్రం వద్దు, ఆ బరువుకు నాదం అణగిపోతుంది. స్ప్రూస్ పలక ఒకటి కొనుక్కోండి.

మీ నాన్నగారికి టేకు గురించి నేను చెప్పవలసింది ఏమీ లేదు కానీ, గిటార్ పనిలో పనికొచ్చే మాటలు రెండు మూడు ఉన్నాయి. కోతకు ముందు దూలం నాలుగు పక్కలా అయస్కాంతం నడిపించి, లోపల విరిగిపోయిన మేకులు ఉన్నాయేమో వెతకమనండి. పాత దూలాల్లో అవి తప్పకుండా ఉంటాయి, సామిల్లు రంపం వాటికి తగిలితే పలక కూడా పాడవుతుంది. గోడలో దాగిన కొసలను ఒక అడుగు కోసి పారేయమనండి, చెద మొదలయ్యేది అక్కడే. నాలుగు మిల్లీమీటర్ల పలకలుగా, వలయాలు నిలువుగా వచ్చేలా కోయించి, మిగిలింది చిత్రిక పట్టుకోవచ్చు. టేకులో ఇసుకలాంటి పదార్థం ఉంటుంది కాబట్టి చిత్రిక అలుగుకు మాటిమాటికీ పదును పెట్టవలసి వస్తుంది. రెండు సగాలను అతికే అంచు నిక్కచ్చిగా రావాలంటే, మీ ఊళ్లో దొరికే పాలిష్ పట్టిన నల్లబండ మీద గరుకు కాగితం అంటించి, అంచును దాని మీద నెమ్మదిగా లాగమనండి. అతికే ముందు రెండు సగాలనూ అంచుకు అంచు ఆనించి దీపానికి ఎదురుగా పట్టుకుంటే మధ్యలో వెలుగు గీత కనబడకూడదు. టేకులో నూనె ఉంటుంది, కాబట్టి జిగురు రాసే ముందు అసిటోన్‌లో ముంచిన గుడ్డతో అంచును తుడిచి, ఆరిన వెంటనే అతకాలి.

పలకలుగా కోసిన తర్వాత తొందరపడవద్దు. ఎంత పాత దూలమైనా దాని నడిమి చేవ గాలికి తెరుచుకునేది ఇప్పుడే. పలకల మధ్య సన్న పుల్లలు పెట్టి, నీడలో ఒకదాని మీద ఒకటి పేర్చండి. ఒక్కో పలకను వంటింటి త్రాసులో తూచి, బరువూ తేదీ దాని మీదే పెన్సిలుతో రాయండి. వారానికోసారి తూచి కిందే కొత్త అంకె వేస్తూ వెళ్లి, వరుసగా నాలుగు వారాలు అంకె మారనప్పుడు ఆ పలకను మీ నాన్నగారి చేతికి ఇవ్వండి.